పిల్లలతో తొలి స్నోబోర్డు ప్రయాణం: తిరుపతి నుంచి మంచు కొండల దాకా

మన జిల్లాలో మంచు అంటే ధనుర్మాసపు తెల్లవారుజామున శేషాచలం కొండల మీద పరచుకునే పొగమంచే. ఆ వేళ తిరుమలలో స్వెటరు, మంకీ క్యాప్ వేసుకుని గంతులు వేసే పిల్లవాడిని చూసి, వీడు చలికి తట్టుకుంటాడని తల్లిదండ్రులు అనుకోవడం సహజమే. అయితే సున్నాకు పది డిగ్రీల దిగువన, గాలిలో, పడుతూ లేస్తూ మంచు మీద గడపవలసిన చోట ఆ అనుభవం ఎందుకూ కొరగాదు. రెండేళ్ళ క్రితం సంక్రాంతి సెలవుల్లో మేము ఎనిమిదేళ్ళ అమ్మాయిని, ఐదేళ్ళ అబ్బాయిని వెంటబెట్టుకుని మంచు మీద జారే పలక అయిన స్నోబోర్డు నేర్పించడానికి కజకిస్తాన్‌లోని అల్మాటీకి వెళ్ళి వచ్చాము. అక్కడ మేము చేసిన పొరపాట్లలో బోర్డుకు సంబంధించినవి తక్కువ. మేజోళ్ళకు, నిద్రకు, ఆకలికి సంబంధించినవే ఎక్కువ. చిన్నపిల్లలు మంచులో సంతోషంగా నేర్చుకోగలిగేది రోజుకు రెండు గంటలు. ఆ రెండు గంటలు పాడుకాకుండా మిగిలిన ఇరవై రెండు గంటలను అమర్చుకోవడమే ఈ ప్రయాణంలో తల్లిదండ్రుల పని.

ముందుగా వయసు సంగతి తేల్చుకోవాలి. స్కీయింగ్‌లో, అంటే కాలికొక పొడవాటి పలక (స్కీ) కట్టుకుని మంచు మీద జారే ఆటలో, రెండు కాళ్ళు వేరువేరుగా ఉంటాయి, ముఖం ముందుకు ఉంటుంది. కాబట్టి నాలుగేళ్ళ పిల్లలు కూడా తొందరగానే అందుకుంటారు. స్నోబోర్డులో రెండు పాదాలూ ఒకే పలకకు బిగించబడి, శరీరం పక్కకు తిరిగి ఉంటుంది. తూలినప్పుడు కాలు చాచి ఆపుకునే వీలు ఉండదు. అందువల్ల మొదటి రెండు మూడు రోజులు కష్టంగా గడుస్తాయి, ఆ తరువాత నేర్పు వేగంగా వస్తుంది. చాలా శిక్షణ కేంద్రాలు ఆరేడేళ్ళు నిండిన పిల్లలనే స్నోబోర్డు బృందాల్లో చేర్చుకుంటాయి. కొన్ని చోట్ల మాత్రం మూడేళ్ళ వారికి కూడా మెత్తగా వంగే చిన్న బోర్డులు ఇచ్చి, ముందు భాగానికి కట్టిన తాడుతో పెద్దలు చదునైన నేల మీద లాగుతారు. ఈ తాడు కొత్త ఉపాయమేమీ కాదు. 1965లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో షెర్మన్ పాపెన్ అనే ఆయన తన కూతుళ్ళ ఆట కోసం రెండు స్కీలను జోడించి ఒక పలక చేసినప్పుడు, ఆ బొమ్మకు ‘స్నర్ఫర్’ అనే పేరు వచ్చింది. దాని ముక్కుకు పట్టుకోవడానికి ఒక తాడు ఉండేది. నేటి స్నోబోర్డుకు మూలం ఆ పిల్లల ఆటవస్తువే. నా అభిప్రాయంలో ఐదేళ్ళ లోపు వారికి స్లెడ్జి బండి చాలు. ఐదు నుంచి ఏడేళ్ళ వారికి ఒక్కరికే నేర్పే శిక్షకుడిని గంట చొప్పున కుదుర్చుకోవాలి. ఎనిమిదేళ్ళు దాటిన వారు తోటి పిల్లల బృందంలో బాగా నేర్చుకుంటారు.

కాలం విషయంలో మన బడుల సెలవులు ఒక చిక్కు తెచ్చిపెడతాయి. మనకు పొడవైన సెలవులు వచ్చే మే నెలలో ఉత్తరార్ధగోళంలో మంచు బడులు దాదాపుగా మూతపడి ఉంటాయి. న్యూజిలాండ్‌లో మంచు కాలం మొదలయ్యే జూన్ నాటికి మన బడులు తెరుస్తారు. దసరా నాటికి రెండు అర్ధగోళాల్లోనూ మంచు దాదాపుగా ఉండదు. మిగిలింది సంక్రాంతి. నిజానికి అదే అన్నిటికంటే మంచి సమయం: కొత్త సంవత్సరపు రద్దీ, జనవరి 7న జార్జియా, కజకిస్తాన్‌లలో వచ్చే ఆర్థడాక్స్ క్రిస్మస్ సెలవులు ముగిసి, ఐరోపా బడుల ఫిబ్రవరి సెలవులు ఇంకా మొదలుకాని వారం అది. జపాన్ వెళ్ళేవారు చైనా కొత్త సంవత్సరం తేదీని కూడా చూసుకోవాలి, ఆ రోజుల్లో గదుల ధరలు బాగా పెరుగుతాయి. పండుగకు ఇంట్లో లేకపోతే ఎలా అని పెద్దవాళ్ళు అడుగుతారు. దానికి నా దగ్గర సమాధానం లేదు, భోగినాడు ఉండి కనుమ మరునాడు బయలుదేరినవారిని మాత్రం చూశాను.

చోటు ఎంచుకునేటప్పుడు పేరు ప్రఖ్యాతుల కంటే ఎత్తును చూడాలి, ఎత్తు ఎక్కువైతే పిల్లలకు దానివల్లే అనారోగ్యం కలగవచ్చు. తిరుపతి సముద్రమట్టానికి రెండు వందల మీటర్లు కూడా లేని ఊరు. జార్జియాలోని గుదౌరి సుమారు 2,200 మీటర్ల ఎత్తులో ఉంది. అదే దేశంలోని బకూరియాని సుమారు 1,700 మీటర్ల దగ్గర, వాలు తక్కువగా, చిన్నపిల్లలకు అనువుగా ఉంటుంది. అల్మాటీ దగ్గరి షింబులాక్ అనే మంచు విడిది అడుగు భాగం 2,260 మీటర్లు, పైకొన 3,000 మీటర్లు దాటుతుంది. కానీ కింద నగరంలోనే బస చేసి, మెడెవు అనే చోటు నుంచి గొండోలాలో (తీగ మీద నడిచే మూసిన పెట్టెలో) పైకి వెళ్ళి సాయంత్రం దిగిపోవచ్చు గనుక పిల్లల నిద్ర చెడదు. జపాన్ ఉత్తరాన హొక్కైడో ద్వీపంలోని నిసెకో శిఖరమే 1,308 మీటర్లు, కాబట్టి అక్కడ ఎత్తు బాధే లేదు, మంచు కూడా పిండిలా మెత్తగా ఉంటుంది. ఖర్చు మాత్రం ఎక్కువ. ఆల్ప్స్ పర్వతాల్లో ఊరు ఏ ఎత్తులో ఉందో, నేర్చుకునే మైదానం ఏ ఎత్తులో ఉందో రెండూ విడివిడిగా అడగాలి. మన గుల్మార్గ్ కూడా 2,650 మీటర్ల ఎత్తులో ఉందని గుర్తుంచుకుంటే, స్వదేశమైతే సులువన్న భ్రమ తొలగుతుంది. ఘాట్ రోడ్డు కూడా ఒక పరీక్షే. తిరుమల మలుపుల్లో వాంతి చేసుకునే పిల్లలు గుదౌరి దారిలోనూ అదే చేస్తారు. అటువంటివారికి వైద్యుడిని అడిగి మందు వెంట తీసుకుపోవాలి, ప్రయాణానికి ముందు పొట్ట నిండా తినిపించకూడదు.

అంత దూరం వెళ్ళి పిల్లవాడు మంచును తాకగానే ఏడుస్తాడేమోనన్న అనుమానం ఉన్నవారు దుబాయిలో ఒక రోజు ఆగి చూడవచ్చు. మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్‌లో 2005 నుంచి నడుస్తున్న స్కీ దుబాయిలో కప్పు కింద నిజమైన మంచు మీద, సున్నాకు కొద్దిగా దిగువ చలిలో, శిక్షకుడి చేత గంట పాఠం చెప్పించవచ్చు. బరువైన బూట్లు, హెల్మెట్, కళ్ళద్దాలు వేసుకుని నడవడం అంటే ఏమిటో పిల్లలకు అక్కడ తెలిసిపోతుంది.

కాగితాల పని ఆరు నెలల ముందు మొదలుపెట్టడం మంచిది. తిరుపతిలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. చిన్నపిల్లల పాస్‌పోర్టు సాధారణంగా ఐదేళ్ళకే ఇస్తారు కాబట్టి, మూడేళ్ళ వయసులో తీసుకున్నది ఇంకా చెల్లుతుందిలే అని ఊరుకోకుండా గడువు తేదీ చూసుకోవాలి. కజకిస్తాన్‌కు 2022 జూలై నుంచి భారతీయులు 14 రోజుల దాకా వీసా లేకుండా వెళ్ళవచ్చు. మేము ఆ దేశాన్ని ఎంచుకోవడానికి ఇదే పెద్ద కారణం. ఐరోపాకు, అక్కడి చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా కావాలి; పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ళ లోపు వారికి 45 యూరోలు, ఆరేళ్ళ లోపు వారికి రుసుము లేదు; ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. మనకు చెన్నై, బెంగళూరు కేంద్రాలు దగ్గర. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. సాధారణ ప్రయాణ బీమాలు చాలావరకు మంచు క్రీడల్లో తగిలే దెబ్బలకు వర్తించవు. వింటర్ స్పోర్ట్స్ అనే అదనపు భాగం పాలసీలో రాతపూర్వకంగా ఉండాలి, కొండ మీద నుంచి కిందికి చేర్చే ఖర్చు అందులో కలిసి ఉండాలి. ఇటలీలో 2022 నుంచి ఎదుటివారికి కలిగించే నష్టానికి కూడా బీమా తప్పనిసరి, 2025 నవంబరు నుంచి వయసుతో నిమిత్తం లేకుండా అందరికీ హెల్మెట్ తప్పనిసరి.

ఇంట్లో చేయదగిన సాధన గురించి శిక్షకులు చెప్పే మాటలు విన్నప్పుడు నాకు నవ్వు వచ్చింది, ఎందుకంటే వాటిలో ముఖ్యమైనది మన వినాయకుడి ముందు పిల్లలు తీసే గుంజీళ్ళే. మోకాళ్ళు వంచి, నడుము నిటారుగా ఉంచి, బరువు రెండు పాదాల మీద సమంగా మోపి నిలబడే భంగిమే స్నోబోర్డుకు ఆధారం. రోజుకు ఇరవై గుంజీళ్ళు నెల రోజులు తీసిన పిల్లవాడికి తొడలు అంత తొందరగా నొప్పి పుట్టవు. ఏ కాలు ముందు పెట్టాలో కూడా ఇంట్లోనే తెలుసుకోవచ్చు. మేజోళ్ళు తొడిగి, గ్రానైట్ నేల మీద పరుగెత్తుకొచ్చి జారమంటే పిల్లలు తమకు తెలియకుండానే ఒక కాలు ముందుకు పెడతారు. ఎడమ కాలు ముందుంటే ‘రెగ్యులర్’, కుడి కాలు ముందుంటే ‘గూఫీ’ అంటారు. రెండింటిలో తప్పొప్పులు లేవు, కానీ అద్దె దుకాణంలో మొదట అడిగేది ఇదే. పడటం కూడా నేర్పాలి. ముందుకు పడితే మోకాళ్ళ మీద, మోచేతుల దాకా ఉన్న ముంజేతుల మీద పడాలి. వెనుకకు పడితే గడ్డాన్ని ఛాతీకి ఆనించి కూర్చున్నట్టుగా పడి వీపు మీదికి దొర్లాలి. రెండు సందర్భాల్లోనూ పిడికిళ్ళు బిగించి ఉంచాలి. అరచేయి చాచి పడితే మణికట్టు విరుగుతుంది, స్నోబోర్డు నేర్చుకునేవారికి ఎక్కువగా తగిలే దెబ్బ అదే. నేల మీద రెండు బొంతలు పరిచి వారం రోజులు ఈ ఆట ఆడిస్తే చాలు. అలిపిరి మెట్లు 3,550 ఎక్కగలిగిన పిల్లలకు ఊపిరి సత్తువ ఎలాగూ ఉంటుంది.

దుస్తుల గురించి కొంచెం విపులంగా చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో దీని గురించి ఎవరికీ అనుభవం ఉండదు. ఒంటికి అంటుకునే మొదటి పొర మెరీనో ఉన్నిది గాని, చెమటను పీల్చి బయటికి పంపే సింథటిక్ బట్టది గాని కావాలి; నూలు బట్ట అసలు పనికిరాదు, తడిసిన నూలు ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. రెండవ పొర ఫ్లీస్ అనే మెత్తని, వెచ్చని నూగు బట్ట. మూడవది నీరు, గాలి చొరని జాకెట్టు, ప్యాంటు. చేతులకు ఐదు వేళ్ళ గ్లవ్స్ కంటే నాలుగు వేళ్ళు ఒకే సంచిలో ఉండే మిట్టెన్లు వెచ్చగా ఉంటాయి. అవి తడుస్తాయి కాబట్టి ఒక్కొక్కరికి రెండు జతలు ఉండాలి. మెడకు మఫ్లరు వద్దు, దాని కొసలు వాలు మీదికి చేర్చే లిఫ్టులో చిక్కుకోవచ్చు. గొట్టంలా తొడుక్కునే నెక్ వార్మర్ కావాలి. ఇక మేజోళ్ళు. చలి ఎక్కువ కదా అని మొదటి రోజు నేను అమ్మాయికి రెండు జతల నూలు మేజోళ్ళు తొడిగాను. బూటు బిగుసుకుపోయి రక్తం సరిగా ఆడక, చెమటతో మేజోళ్ళు తడిసి, గంటలో కాలివేళ్ళు తెల్లబడి తిమ్మిరెక్కాయి. ఆ రోజు పాఠం అంతటితో సరి. మోకాలి దాకా వచ్చే పలుచని ఉన్ని మేజోడు ఒక్కటి చాలు, రెండవ జత ఉండవలసింది సంచిలో. చెన్నై, బెంగళూరు డెకాథ్లాన్ దుకాణాల్లో ఇవన్నీ దొరుకుతాయి. ఏడాదికి పొట్టిబడిపోయే జాకెట్టు, ప్యాంటు మాత్రం అక్కడే అద్దెకు తీసుకోవడం నయం.

మన ఊరి వారికి మాత్రమే వచ్చే ఒక ప్రశ్న కూడా ఉంది. ప్రయాణానికి ముందు మొక్కు తీర్చి తలనీలాలు ఇచ్చిన పిల్లలకు తల మీద వెంట్రుకల అండ ఉండదు. హెల్మెట్ కింద తల, మెడ కప్పే పలుచని ఉన్ని టోపీ (బాలక్లావా) తప్పనిసరి, హెల్మెట్ కొలత కూడా ఆ గుండుకు ఆ రోజే చూడాలి. మంకీ క్యాప్ మందంగా ఉండి హెల్మెట్‌ను కదిలేలా చేస్తుంది, దాన్ని గదిలోనే ఉంచాలి.

బోర్డు, బూట్లు, హెల్మెట్ అద్దెకు తీసుకునే పనిని పాఠం రోజు ఉదయం పెట్టుకోకుండా ముందు రోజు సాయంత్రమే ముగించాలి, ఎందుకంటే చిన్నపిల్లలకు బూట్లు కుదర్చడానికే అరగంట పడుతుంది. బూటు తొడిగి నిలబడితే వేళ్ళు కొసకు తాకాలి, మోకాళ్ళు వంచితే కొద్దిగా వెనుకకు జరగాలి, మడమ పైకి లేవకూడదు. బోర్డు నిలబెడితే పిల్లవాడి ఛాతీకి, గడ్డానికి మధ్య ఉండాలి. ఎదుగుతాడు కదా అని పొడవైనది ఇప్పిస్తే తిప్పలేడు. ఎత్తు కంటే బరువు ముఖ్యం, కాబట్టి ఇంట్లోనే కిలోలు తూచుకుని వెళ్ళాలి. హెల్మెట్ లోపల ఈఎన్ 1077 అనే ఐరోపా ప్రమాణపు గుర్తు గాని, ఏఎస్‌టీఎం ఎఫ్ 2040 అనే అమెరికా గుర్తు గాని ఉన్నదో లేదో చూడాలి. మణికట్టు రక్షణ పట్టీలు అన్ని చోట్లా పిల్లల కొలతలో దొరకవు, అవి ఇక్కడి నుంచే తీసుకుపోవాలి.

మొదటి రోజు పాఠం ఉదయం పదింటికి మొదలై పన్నెండుకు ముగిసేలా చూసుకోవాలి. అంతకంటే ముందు మంచు గట్టిపడి గాజులా ఉంటుంది, మధ్యాహ్నానికి పిల్లలు అలసిపోతారు. అమ్మానాన్నలు నేర్పకూడదు, పడినప్పుడల్లా మన ముఖం చూసి ఏడ్చే పిల్లలు శిక్షకుడి ముందు లేచి నిలబడతారు. శిక్షకుడు మొదట ఒక కాలికే బోర్డు కట్టి చదునైన నేల మీద నెట్టుకుంటూ నడిపిస్తాడు. తరువాత మ్యాజిక్ కార్పెట్ అనే, నేల మీద కదిలే పట్టా లాంటి లిఫ్టులో నాలుగైదు మీటర్ల ఎత్తుకు తీసుకుపోతాడు. అక్కడి నుంచి మడమల వైపు అంచు మీద బరువు మోపి, లోయ వైపు ముఖంతో, మెల్లగా పక్కకు జారడం నేర్పుతాడు. ఇటు కొంచెం, అటు కొంచెం జారుతూ రాలే ఆకులా దిగడాన్ని ‘ఫాలింగ్ లీఫ్’ అంటారు. మలుపు తిరగడం ఆ తరువాతి మాట. చాలామంది పిల్లలు మూడవ రోజుకు గాని మలుపు దాకా రారు, ఐదేళ్ళవారు ఆ ప్రయాణంలో రాకపోవచ్చు. ఆ సంగతి తెలియక పెద్ద లిఫ్టు పాసులు ఐదు రోజులకు ముందే కొనేవారు చాలామంది. మొదటి రెండు రోజులు మ్యాజిక్ కార్పెట్ టికెట్ చాలు. మూడు రోజులు నేర్చుకున్నాక ఒక రోజు బోర్డు ఊసెత్తకుండా మంచు బొమ్మలు చేసుకోనిస్తే, ఆ మరునాడు కాళ్ళు వాటంతట అవే మాట వింటాయి.

పెద్దలు కూడా నేర్చుకోవాలనుకుంటే ఇద్దరూ ఒకే సమయంలో పాఠానికి వెళ్ళకూడదు. ఒకరు పొడి మేజోళ్ళు, బిస్కెట్లు, ఫ్లాస్కులో వేడి నీళ్ళతో అంచున ఉండాలి. ముప్పై ఐదేళ్ళు దాటాక మొదటి రోజు స్నోబోర్డు ఎంత నొప్పి పెడుతుందో ఇక్కడ రాయను.

వాలు మీద మర్యాదలు కొన్ని పిల్లలకు కంఠతా రావాలి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య పెట్టిన పది నియమాల్లో మొదట నేర్పవలసింది, పై నుంచి వచ్చేవాడే కింద ఉన్నవాడిని తప్పించుకోవాలన్నది; రెండవది, దారి మధ్యలో గాని, పై వారికి కనిపించని మిట్ట కింద గాని కూర్చోకూడదన్నది. ఐరోపాలో నీలం రంగు దారులు తేలికైనవి, ఎరుపు మధ్యస్థం, నలుపు కఠినం. జపాన్‌లో తేలికైన వాటికి ఆకుపచ్చ వాడతారు. దారి అంచున కట్టిన తాడు దాటి చెట్లలోకి వెళ్ళనివ్వకూడదు, లోతైన మెత్తటి మంచులో చెట్టు మొదళ్ళ చుట్టూ గుంటలు ఉంటాయి. తప్పిపోతే చూపించడానికి హోటల్ పేరు, మన ఫోన్ నంబరు రాసిన చీటీ జాకెట్టు లోపలి జేబులో ఉంచాలి. అత్యవసర నంబరు ఐరోపా దేశాల్లో, జార్జియాలో, కజకిస్తాన్‌లో 112. జపాన్‌లో అంబులెన్సుకు 119.

చిన్నపిల్లల ఒంటి వేడి పెద్దల కంటే తొందరగా పోతుంది, పైగా వారు ఆటలో పడి చెప్పరు. ప్రతి అరగంటకు బుగ్గలు, ముక్కు, వేళ్ళు చూడాలి. చర్మం తెల్లగా పాలిపోయి స్పర్శ తెలియడం లేదంటే వెంటనే లోపలికి తీసుకుపోయి, మన చంకలో గాని, 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీటిలో గాని ఆ భాగాన్ని వేడెక్కించాలి. రుద్దకూడదు, హీటరు దగ్గర పెట్టకూడదు. తిమ్మిరి పోకపోయినా, బొబ్బలు వచ్చినా వైద్యుడికి చూపించాలి. ఎత్తు వల్ల కలిగే అనారోగ్యాన్ని పిల్లలు తలనొప్పి అని చెప్పలేరు. కారణం లేకుండా చిరాకు పడటం, తిండి ముట్టకపోవడం, వాంతులు దాని గుర్తులు కావచ్చు, దానికి మొదటి మందు కిందికి దిగడం. ఎండను కూడా తేలికగా తీసుకోకూడదు. తాజా మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా వెనక్కు కొడుతుంది, ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఆ కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. మే నెల తిరుపతి ఎండలో తిరిగిన పిల్లలకు కూడా అక్కడ ముక్కు కింద, గడ్డం కింద చర్మం కమిలిపోతుంది. సన్‌స్క్రీన్ ఆ చోట్ల కూడా రాయాలి. పొడిబారిన చర్మానికి మనం తీసుకుపోయే కొబ్బరినూనె 24 డిగ్రీల కిందే గడ్డకడుతుంది, మూత వెడల్పుగా ఉన్న డబ్బాలో పోసుకుంటే వేలితో తీసుకోవచ్చు.

తిండి దగ్గర మేము తప్పు చేయలేదని ధైర్యంగా చెప్పగలను. చిన్న రైస్ కుక్కరు, బియ్యం, కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ, అటుకులు, రాగిపిండి వెంట ఉంటే ఉదయం వేడిగా తినిపించి పంపవచ్చు. చలిలో ఆకలి రెట్టింపు అవుతుంది, ఖాళీ కడుపుతో ఉన్న పిల్లలకు చలి ఇంకా ఎక్కువగా వేస్తుంది. ఐరోపాకు వెళ్ళేవారు నెయ్యి, పాలకోవా వంటి పాల పదార్థాలను, మాంసపు ఊరగాయలను తీసుకుపోకూడదు, అక్కడి చట్టం ఒప్పుకోదు. న్యూజిలాండ్‌లో ప్రతి తిండి వస్తువునూ ప్రకటించాలి. మధ్యాహ్నం పాఠం ముగిశాక వేడి సూపు, ఆ తరువాత గంట నిద్ర. ఈ నిద్ర తప్పిన రోజున మా అబ్బాయి సాయంత్రం చేసిన గొడవకు పక్క గది వారు తలుపు కొట్టారు.

బస చేసే చోట బూట్లు ఆరబెట్టే గది ఉందో లేదో ముందే అడగాలి. లేకపోతే బూట్ల లోపలి తొడుగులు బయటికి తీసి, కాగితాలు కుక్కి, గదిలో రాత్రంతా ఆరనివ్వాలి. తిరుగు ప్రయాణంలో తడి బట్టలను విడి ప్లాస్టిక్ సంచిలో కట్టి పెద్ద పెట్టెలో వేయాలి గాని, ఒక్కొక్కరికి ఒక పలుచని నూలు చొక్కా మాత్రం చేతి సంచిలో పైనే ఉంచుకోవాలి. చెన్నై విమానాశ్రయం తలుపు దాటగానే పిల్లలు అడిగేది అదే, అక్కడి నుంచి ఇంటికి ఇంకా మూడు గంటల కారు ప్రయాణం ఉంటుంది.